ఎనిమిదో తరగతి ఆంగ్ల పరీక్షలోని ‘రిథమ్’ ప్రశ్న గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

గత వారం ఎనిమిదో తరగతి ఆంగ్ల పరీక్షలో ‘రిథమ్’ అనే మాటను సంగీతంతో సంబంధం లేని వాక్యంలో వాడమని అడిగినందుకు మన వాట్సాప్ గ్రూపులో మూడు రోజులుగా చర్చ నడుస్తున్నది. ‘రిథమ్ అంటే లయే కదా, తబలా గురించి రాస్తే మార్కు ఎందుకు తగ్గించారు’ అని కొందరు అడిగారు. ప్రశ్నపత్రాన్ని నేను స్వయంగా చూశాను. ప్రశ్న సరైనదే, మార్కులు మారవు.

గ్రీకు నుంచి లాటిన్ మీదుగా వచ్చిన ఈ మాటను ఇంగ్లీషువారు పాట దగ్గరే ఆపలేదు. గుండె కొట్టుకునే తీరు తప్పితే వైద్యులు రిథమ్ తప్పిందంటారు. బౌలరుకు పరుగూ విసురూ కుదిరితే రిథమ్‌లో ఉన్నాడంటారు. సెలవుల తర్వాత మళ్లీ పనిలో కుదురుకోవడాన్నీ, ఋతువులు ఒకదాని వెంట ఒకటి రావడాన్నీ ఆ మాటతోనే చెబుతారు. అటువంటి చోట్ల మనం ‘ఊపు’ అంటాము, ‘గాడిలో పడటం’ అంటాము. మాటకొక్క అర్థం చొప్పున ఇచ్చే గైడు పుస్తకంలో ఇవేవీ దొరకవు.

మాట్లాడే ఇంగ్లీషుకూ ఒక రిథమ్ ఉన్నది, నా అసలు బాధ దాని గురించే. తిక్కన నడయాడిన నెల్లూరు పిల్లలకు లయ కొత్త కాదు. ఉత్పలమాల పాదంలోని 20 అక్షరాలు గురులఘువుల లెక్కతో నడుస్తాయని వారికి తెలుసు. ఇంగ్లీషు నడక మాత్రం ఊనిక మీద ఆధారపడుతుంది. ‘ఐ వాంట్ టు గో టు ద మార్కెట్’ అన్నప్పుడు ‘వాంట్’, ‘గో’, ‘మార్’ బరువుగా పడి, తక్కినవి వాటి నడుమ గబగబా దొర్లిపోతాయి. మన పిల్లలు అన్నింటినీ ఒకే బరువుతో పలుకుతారు కాబట్టి వ్యాకరణం తప్పకపోయినా వినేవారు తడబడతారు. ఇది కంఠస్థం చేస్తే వచ్చేది కాదు, పైకి చదివితేనే వస్తుంది. అందుకే రోజూ పది నిమిషాలు గట్టిగా చదివించమని ప్రతి సమావేశంలోనూ వేడుకుంటున్నాను.

సముద్రపు ఒడ్డు పాలెం నుంచి వచ్చే ఒక అబ్బాయి, వల లాగేటప్పుడు తన తండ్రి చేతులకు ఒక రిథమ్ ఉంటుందని చక్కని ఆంగ్లంలో రాశాడు. ఆ వాక్యాన్ని ఉపాధ్యాయుల గదిలో అందరికీ రెండుసార్లు చదివి వినిపించాను. ఏ, ఈ, ఐ, ఓ, యు ఒక్కటీ లేని ఆ మాట స్పెల్లింగును ఒక అమ్మాయి వెనుక నుంచి ముందుకు కూడా తడుముకోకుండా చెప్పింది!

శరీరానికీ దాదాపు 24 గంటల రిథమ్ ఉన్నది. దానిని నడిపించే యంత్రాంగాన్ని కనుగొన్నవారికి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. రాత్రి పదకొండు దాటాక కూడా పిల్లల చేతిలో ఫోను ఉంచుతున్న తల్లిదండ్రులు, మొదటి పీరియడులో వారు ఎందుకు తూగుతున్నారని మమ్మల్ని అడగకుండా ఉంటే సంతోషిస్తాము.

రెండో విడత ఫీజు నెలాఖరులోగా చెల్లించగలరు. జవాబుపత్రాలు శనివారం ఇంటికి వస్తాయి. సంతకం చేసే ముందు ఆ ఒక్క వాక్యాన్ని పిల్లల చేత పైకి చదివించుకొని వినండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు