ఆ ఫోన్ గురించి, నాన్నా

కొలంబస్, ఒహాయో
12 అక్టోబర్ 2025

నాన్నా,

విరాళం పేరుతో ఫోన్ చేసి నీ డబ్బు లాగేసిన సంగతంతా నిన్న రాత్రి తమ్ముడు చెప్పాడు. వాడి మీద కోప్పడకు. నువ్వు వద్దన్నావని నెల రోజులు కడుపులో దాచుకున్నాడు, ఇక ఆగలేక చెప్పాడు. మూడు వారాలుగా నేను ఫోన్ చేస్తే నువ్వు ఎత్తకపోవడం, అమ్మ ఏదో ఒకటి చెప్పి సర్దేయడం, దేనికో ఇప్పుడు అర్థమైంది. కొబ్బరి దింపుల పనిలో ఉన్నావేమో అనుకున్నాను.

ఫోన్లో ఈ మాట ఎత్తితే ‘పోనీలేమ్మా, పోయినవి పోయాయి’ అని మాట మార్చేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తమ్ముడు ప్రింటు తీసి ఇస్తాడు. కళ్లజోడు పెట్టుకుని, అరుగు మీద కూర్చుని తీరిగ్గా చదువు.

నువ్వు ఆశకు పోయి మోసపోలేదు నాన్నా. లాటరీ తగిలిందంటే నమ్మేవాడివి కాదు. ఆ ఫోన్ చేసినవాడు ‘ఉద్దానం కుర్రాడండీ, కిడ్నీ మార్చాలి, సాయంత్రంలోగా డబ్బు కట్టకపోతే ఆపరేషన్ ఆగిపోతుంది’ అన్నాడు. అది విని నువ్వెలా ఊరుకుంటావు? పెద్దనాన్నను డయాలసిస్‌కి సోంపేట ఆసుపత్రికి బండి మీద తీసుకెళ్లి, అయ్యేదాకా ఆ బెంచీ మీద కూర్చున్నవాడివి. మన ఉద్దానంలో కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు చూసినా ఆ కిడ్నీ జబ్బు తెలియని వీధి లేదు. ఎక్కడ పొడిస్తే మన ప్రాణం విలవిల్లాడుతుందో వాడు తెలుసుకుని పొడిచాడు. నాకు డబ్బు పోయిందని కాదు, మన ఊరి బాధను ఇలా వాడుకున్నందుకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

మామూలప్పుడైతే నువ్వే వాడిని నాలుగు ప్రశ్నలు అడిగేవాడివి. సర్కారు ఆసుపత్రిలో డయాలసిస్ ఉచితమని, చేయించుకునేవాళ్లకు నెలకు 10,000 రూపాయల పింఛను వస్తుందని, పలాసలో కిడ్నీ రోగుల కోసం 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో తెరిచారని నాకంటే నీకే బాగా తెలుసు. ఏ ఊరి కుర్రాడు, ఎవరి అబ్బాయి అని అడిగితే అక్కడికక్కడే తేలిపోయేది. అలా అడిగే వ్యవధి ఇవ్వకుండా ‘సాయంత్రంలోగా’ అన్నాడు చూడు, మోసమంతా ఆ ఒక్క మాటలో ఉంది. నిజంగా ఆసుపత్రిలో ఉన్నవాళ్లు రేపు ఇచ్చినా దణ్ణం పెట్టి తీసుకుంటారు.

ఆ కుర్రాడి పేరు చెప్పి తీసుకున్న 5,000 రూపాయలతో ఆగినా బాగుండేది. మర్నాడు ఇంకొకడు చేసి, మీ విరాళానికి 80జీ రసీదు ఇస్తాం, పన్ను డబ్బులు వెనక్కి వస్తాయి, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడట. 18,000 పోయాయట. ఇది మాత్రం పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించమని తమ్ముడికి చెప్పాను: డబ్బు మనకు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే. విరాళాలకు 80జీ పన్ను మినహాయింపు అనేది నిజంగానే ఉంది, కాదనను. కానీ ఆ సర్టిఫికెట్ తీసుకోవడానికి పిన్‌తో పనే లేదు.

‘ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి’ అని నువ్వు అమ్మతో అన్నావట. ఆ మాట తమ్ముడు చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. నేను నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను.

ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలం. అల్లుడుగారు ఆఫీసులో ఉన్నారు, నేను ఒక్కదాన్నే పప్పు పోపు పెడుతున్నాను. ఫోన్ మోగింది. డ్యూటీలో చనిపోయిన పోలీసుల భార్యాపిల్లల కోసం అన్నాడు. గొంతు చాలా మర్యాదగా ఉంది. ‘పోయిన ఏడాది మీరు ఇస్తానని మాటిచ్చారు కదా, ఈసారైనా’ అన్నాడు. పోయిన ఏడాది నేను ఈ దేశంలోనే లేను నాన్నా! అయినా మాటిచ్చి తప్పానేమో అన్నంత సిగ్గేసి, కార్డు నంబరు చెప్పేశాను. 35 డాలర్లు. ఆ తర్వాత వారానికో ఫోన్. మంటలార్పే ఫైర్ సిబ్బంది, మాజీ సైనికులు, క్యాన్సర్ పిల్లల పేర్లు చెప్పి అడిగేవాళ్లు. ఒకసారి డబ్బు ఇచ్చినవాళ్ల ఫోన్ నంబరు వాళ్ల మధ్య చేతులు మారుతుందని తర్వాత తెలిసింది. నీకూ ఇప్పుడు అదే జరుగుతోంది, అందుకే ఇన్ని ఫోన్లు.

పక్కింటి ముసలావిడకు చెప్పుకుంటే ఆవిడ తిట్టలేదు. నాలుగు ప్రశ్నలు రాసిచ్చింది. మీ సంస్థ పూర్తి పేరేంటి? రాష్ట్ర అటార్నీ జనరల్ (ప్రభుత్వ న్యాయాధికారి) దగ్గర నమోదైందా? ఫోన్ చేసినందుకు మీకు జీతం ఇస్తున్నారా? నేనిచ్చే డాలరులో ఎంత వాళ్లకు చేరుతుంది? తర్వాత వచ్చినవాణ్ణి ఇవే అడిగాను. మూడోది పూర్తి కాకముందే పెట్టేశాడు.

ఇక్కడ 2003లో ‘ఫోన్ చేయొద్దు’ అనే జాతీయ జాబితా పెట్టారు. అందులో నంబరు చేర్చాను. కానీ అది అమ్మకాల ఫోన్లకే, విరాళాలు అడిగేవాళ్లకు వర్తించదు. చందాలు వసూలు చేసే కంపెనీ మనిషి చేస్తే ‘ఇక చేయొద్దు’ అని మనమే చెప్పాలి, చెబితే మానేయాలని రూలు. 2021లో అలాంటి ఒక వసూళ్ల కంపెనీ మీద ఇక్కడి కేంద్ర ప్రభుత్వ సంస్థ, 38 రాష్ట్రాల అధికారులు కలిసి కేసు పెట్టారు. 130 కోట్ల ఫోన్లు చేసి 11 కోట్ల డాలర్లకు పైగా రాబట్టారట. కొన్నిటిలో డాలరుకు 90 సెంట్లు వాళ్లే ఉంచుకున్నారట. ఇచ్చినవాళ్లలో ఎందరో నీలాంటి పెద్దవాళ్లే అయ్యుంటారు. వాళ్లంతా తెలివితక్కువవాళ్లా?

అమ్మ అందట కదా, ‘ఇంటికొచ్చినోడిని ఏనాడూ ఉత్తి చేతుల్తో పంపలేదు, ఫోన్లో వచ్చినోడైతే ఏటి తేడా’ అని. చాలాసేపు ఆలోచించాను. సంక్రాంతికి హరిదాసు వస్తే అమ్మ చేటతో బియ్యం తెచ్చి పోసేది. మనం ఆయన మొహం చూసేవాళ్లం, ఏ ఊరివాడో తెలుసు, మళ్లీ ఏడాది ఆయనే వచ్చేవాడు. తిత్లీ తుపానప్పుడు, 2018 అక్టోబర్‌లో, కరెంటు లేక, తోటలన్నీ నేలకొరిగి ఉంటే, మనకే లేకపోయినా నువ్వు గంజి కాయించి వీధి వీధంతా పోయించావు. గిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడ్డవాళ్లకు పోయించావు. ఫోన్లో వచ్చినవాడు గుమ్మంలో నిలబడలేదమ్మా అని అమ్మకు చెప్పు. వాడి ముఖాన ఫోన్ పెట్టేస్తే గుమ్మంలోంచి గెంటేసినట్టు కాదు.

కాబట్టి ఇకమీదట ఇలా చెయ్యి. ఎవరు ఎంత దీనంగా అడిగినా ‘నేను ఫోన్లో ఇవ్వను, మా ఊరొచ్చి కనబడండి’ అను. అదొక్కటే. వాదించొద్దు, కారణాలు చెప్పొద్దు. మాట కలిపితే చాలు, వాళ్లకు దారి దొరుకుతుంది. పోలీసులమని, కోర్టు నుంచి అని బెదిరించినా ఇంతే. ఫోన్లోనే అరెస్టు చేశామనే ‘డిజిటల్ అరెస్టు’ మన చట్టంలోనే లేదు. అమ్మకాల ఫోన్లు తగ్గడానికి తమ్ముడు 1909కి చెప్పి నీ నంబరు నమోదు చేయిస్తాడు. అనుమానపు ఫోన్ల సంగతి సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో చక్షు అనే చోట తెలపొచ్చు, అదీ వాడికి తెలుసు.

ఒక్క విషయంలో మాత్రం నీ మీద బాధగా ఉంది. నెల రోజులు దాచకుండా ఆ గంటలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఉంటే, డబ్బు చేతులు మారకముందే బ్యాంకు ఆపగలిగేదేమో. ఇప్పుడు ఆశ తక్కువే. అయినా సోమవారం తమ్ముడితో కూర్చుని ఫిర్యాదు పెట్టు. వాళ్ల నంబర్లు, పంపిన యూపీఐ వివరాలు, బ్యాంకు మెసేజీలు ఏవీ చెరిపేయకు. సిగ్గు పడాల్సినవాడు వాడు.

ఇవ్వడం మానేస్తానన్నావట, అది మాత్రం వద్దు. ఈ నాగులచవితికి నేను 15,000 పంపిస్తున్నాను. నువ్వే సోంపేట వెళ్లి, డయాలసిస్ బెంచీ మీద తోడుగా కూర్చున్నవాళ్లలో బస్సు ఛార్జీలకు ఇబ్బంది పడేవాళ్లెవరో చూసి, నీ చేత్తో ఇవ్వు.

ఇంకొకటి. ఇప్పుడు గొంతులను కూడా మిషన్లతో అచ్చు దించేస్తున్నారు. ఎవరైనా నా గొంతుతో ఏడుస్తూ ‘యాక్సిడెంటయింది, డబ్బు పంపు’ అంటే కంగారు పడకు. తిత్లీకి పడిపోకుండా వంగి మిగిలిన ఆ దొడ్డి చెట్టుకు నేను చిన్నప్పుడు పెట్టిన పేరు మన నలుగురికే తెలుసు. ఇక్కడ రాయను. ఆ పేరు అడుగు.

వచ్చే ఆదివారం పొద్దున్న ఏడున్నరకు, మాకు శనివారం రాత్రి పది గంటలకు చేస్తాను. ప్లస్ ఒకటితో మొదలయ్యే నంబరే. భయపడకుండా ఎత్తు నాన్నా. ఎత్తగానే నాకు మాట్లాడే అవకాశం ఇవ్వకుండా ముందు ఆ పేరు అడుగు, నేను చెబుతాను.

నీ పెద్దమ్మాయి