హంప్టా పాస్ ట్రెక్‌లో చికా బస ఎగరగొట్టినందుకు ఫిర్యాదు

విజయనగరం,
సెప్టెంబర్ 24

మేనేజర్ గారికి,
హైదరాబాద్ ఆఫీసు

విషయం: సెప్టెంబర్ మొదటి వారం మీ కంపెనీ నడిపిన హంప్టా పాస్ (మనాలి దగ్గరి కొండ కనుమ) ట్రెక్‌లో మావారి ప్రాణం మీదికి రావడం, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

మీ కస్టమర్ కేర్‌కి ఇప్పటికి రెండు మెయిల్స్ పెట్టాను. రెండింటికీ ఒకటే జవాబు. కొండల్లో వాతావరణం ఎవరి చేతిలోనూ ఉండదట, అసౌకర్యానికి చింతిస్తున్నారట. నేను వాతావరణం గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. అందుకే ఈసారి జరిగింది జరిగినట్టు మొత్తం రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

నేను హైస్కూల్లో బయాలజీ చెప్తాను. నాకు 47 ఏళ్లు, మావారికి 52. మాతో మా ఆడపడుచు కొడుకు కూడా వచ్చాడు. హిమాలయాలు చూడాలన్నది మావారి ఎన్నో ఏళ్ల కోరిక. నాలుగు నెలల ముందు నుంచి రోజూ పొద్దున్నే మా ఊరి అయోధ్య మైదానంలో నడిచాం. ఆదివారాలు రామతీర్థం వెళ్లి బోడికొండ ఎక్కి దిగాం. మీరడిగిన మెడికల్ సర్టిఫికెట్, బీపీ, షుగర్ రిపోర్టులు గడువుకి ముందే పంపాం. తలకి 14,500 చొప్పున ముగ్గురికీ డబ్బు కట్టాం. సమతా ఎక్స్‌ప్రెస్‌లో నిజాముద్దీన్, అక్కడి నుంచి బస్సులో మనాలి చేరాం. చెప్పిన రోజుకి, చెప్పిన టైముకి మీ హోటల్ ముందు బ్యాగులతో నిలబడ్డాం.

మీ ప్లాన్‌లో మొదటిరోజు బండిలో జోబ్రా, అక్కడి నుంచి కొంచెం నడిచి చికాలో బస. రెండోరోజు బాలూ కా ఘేరా. మూడోరోజు పాస్ దాటి శియాగోరు. నాలుగోరోజు ఛత్రు, దారి బాగుంటే చంద్రతాల్ సరస్సు. ఈ ప్లాన్ చూసే మిమ్మల్ని ఎంచుకున్నాం. మనాలి సుమారు రెండు వేల మీటర్లు, చికా 3,100, బాలూ కా ఘేరా 3,600, పాస్ దాదాపు 4,270. శరీరం ఎత్తుకి అలవాటుపడడానికి మధ్యలో ఒక మెట్టు ఉంది కదా అనుకున్నాం. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్ల కన్నా ఎక్కువ పెరగకూడదని, ఎత్తులో వచ్చే జబ్బు గురించి తెలిసిన డాక్టర్లు చెప్తారు. చికాలో ఆ ఒక్క రాత్రి అందుకే. సముద్రమట్టానికి వంద మీటర్లు కూడా లేని ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకి అది ఇంకా అవసరం.

ఆ రాత్రే మీరు తీసేశారు.

మొదటిరోజు బండి రాలేదు. మనాలిలో ఎండ కాస్తోంది. డ్రైవర్ ఇంకో బ్యాచ్‌ని దింపడానికి వెళ్లాడనీ, వచ్చేస్తాడనీ మీ ఆఫీసు నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. అది నా ఫోన్‌లో ఉంది, స్క్రీన్‌షాట్ జతచేస్తున్నాను. పన్నెండు మందిమి సాయంత్రం దాకా హోటల్ వరండాలో కూర్చున్నాం. మర్నాడు జోబ్రాలో దిగాక మీ గైడ్, ఈరోజు చికాలో ఆగడం లేదు, నేరుగా బాలూ కా ఘేరా వెళ్లిపోతాం అన్నాడు. ఒక రోజు ఆలస్యమైంది కదా, ట్రెక్ ఒక రోజు పొడిగించండి, కావాలంటే చంద్రతాల్ మానేద్దాం అన్నాను. కుదరదట. వెనకాల వచ్చే బ్యాచ్‌కి ఇవే టెంట్లు కావాలట. ఆ అబ్బాయికి పాతికేళ్లు కూడా ఉండవు. నిర్ణయం అతనిది కాదని నాకు తెలుసు, నా ఫిర్యాదు కూడా అతని మీద కాదు.

బాలూ కా ఘేరా చేరేసరికి చీకటి పడింది. మావారికి అప్పటికే తలనొప్పి. అన్నం ముట్టుకోలేదు, రాత్రి రెండుసార్లు వాంతి అయింది. పొద్దున గైడ్‌కి చెబితే గ్యాస్ ట్రబుల్ అన్నాడు, వేడినీళ్లలో నిమ్మకాయ పిండి ఇచ్చాడు.

ఇక్కడ మీరు తప్పకుండా చూడాల్సింది ఒకటుంది. రోజుకి రెండుసార్లు అందరి రక్తంలో ఆక్సిజన్ శాతం, నాడి చూసి కార్డులో రాస్తామని మీ బ్రోచర్‌లో ఉంది. ఆ పొద్దున మావారి కార్డు అడిగి తీసుకున్నాను. ముందురోజు సాయంత్రం గడిలో 94 అని ఉంది, ఆ సాయంత్రం ఆయన వేలికి ఎవరూ మీటర్ పెట్టలేదు. పక్కన ఆ పొద్దున గడిలో 93. దాని పక్కన, ఇంకా రాని సాయంత్రానికి, మేమింకా చేరని శియాగోరు గడిలో 92. మూడూ ఒకే నీలం పెన్నుతో, ఒకే వాలుతో రాసి ఉన్నాయి. మా మేనల్లుడి కార్డు చూస్తే అందులోనూ అవే మూడు అంకెలు. రెండు కార్డులనీ ఫోటో తీశాను, జతచేస్తున్నాను. నేను పిల్లల రికార్డు బుక్కులు ఇరవై ఏళ్లుగా దిద్దుతున్నాను. చూసి రాసిన అంకె ఏదో, ఎక్కించిన అంకె ఏదో నాకు తెలుస్తుంది. ఆ క్షణంలోనే వెనక్కి దిగిపోదాం అని నేను గట్టిగా పట్టుబట్టాల్సింది. పట్టుబట్టలేదు. పాస్ దాటితే అటు దిగడమే, తగ్గిపోతుంది అని గైడ్ అంటే నమ్మాను.

పాస్ మీద గాలిలో ఆక్సిజన్ మన ఊళ్లో దొరికేదానిలో 60 శాతమే ఉంటుంది. ఆయన పది అడుగులకోసారి ఆగారు. పైకి చేరాక ఒకవైపు కులూ లోయ పచ్చదనం, అవతల లాహౌల్ లోయ బోడి కొండలు ఒక్కసారే కనిపించాయి. ఎన్నేళ్ల నుంచో ఇది చూడాలన్న మనిషి తలెత్తలేదు. రాయి మీద కూర్చుని కాళ్ల వైపే చూస్తూ ఉండిపోయారు.

శియాగోరులో రాత్రి ఏడున్నరకి టెంట్‌లోకి వెళ్తే, ఆయన చేతి గ్లౌజుని పాదానికి తొడుగుతున్నారు. వేళ్లు దూరడం లేదు, లాగుతున్నారు, మళ్లీ లాగుతున్నారు. ఏం చేస్తున్నారండీ అంటే నా వైపు చూసి "బస్సెళ్లిపోనాదేటి?" అన్నారు. లేపి నిలబెడితే తాగినవాడిలా తూలిపోయారు. ఆయన జన్మలో చుక్క ముట్టినవారు కాదు. ఎత్తులో మెదడుకి వాపు వస్తే మనిషి ఇలాగే తూలతాడని, పొంతనలేని మాటలు మాట్లాడతాడని నేను చదివాను. దానికి ఒక్కటే మందు, కిందికి దింపడం. దింపేదాకా ప్రాణం నిలబెట్టడానికి ఆక్సిజన్, డెక్సామెథసోన్ ఇంజెక్షన్.

మీ ఆక్సిమీటర్‌లో బ్యాటరీ లేదు. మీ సిలిండర్ ముల్లు సున్నా దగ్గర ఉంది. ఇంజెక్షన్ సంగతి గైడ్‌కి తెలియదు. పక్క క్యాంపు వాళ్లు పరుగెత్తుకొచ్చి వాళ్ల మీటర్ పెడితే 66 చూపించింది. వాళ్ల సిలిండర్, వాళ్ల ఇంజెక్షనే ఆయన్ని తెల్లవారుజాము దాకా నిలబెట్టాయి. వాళ్లు మీకు పోటీ కంపెనీ. మా దగ్గర రూపాయి పుచ్చుకోలేదు.

క్యాంపు దాటగానే ఏరు దాటాలి. మధ్యాహ్నం మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి, తెల్లవారుజామున తగ్గుతాయి. నాలుగింటికి మీ కంచరగాడిదలు తోలే పెద్దాయన మావారిని వీపున కట్టుకుని, మోకాళ్ల లోతు మంచునీళ్లలో ఆ ఏరు దాటించాడు. అవతల గాడిద మీద కూర్చోబెట్టి, పక్కనే పట్టుకుని ఛత్రు దాకా నడిచాడు. దిగిన కొద్దీ మనిషిలో తేడా కనిపించింది. ఛత్రులో ఆయన నా పేరు పెట్టి పిలిచి మంచినీళ్లు అడిగారు. అప్పటిదాకా నాకు ఏడుపు కూడా రాలేదు. అక్కడి నుంచి టాక్సీలో అటల్ టన్నెల్ మీదుగా మనాలి హాస్పిటల్‌కి తీసుకెళ్లాం. టాక్సీ మేమే మాట్లాడుకున్నాం. మీ వాళ్లెవరూ హాస్పిటల్‌కి రాలేదు, ఫోన్ కూడా చేయలేదు.

చంద్రతాల్ చూడలేకపోయామని నేను అడగడం లేదు. నా డబ్బు, మేనల్లుడి డబ్బు కూడా అడగడం లేదు, మేం పాస్ దాటాం. మావారికి కట్టిన 14,500, హాస్పిటల్, టాక్సీ ఖర్చు 18,600, కలిపి 33,100 రూపాయలు ఇవ్వండి. బిల్లులు జతచేశాను. దానికంటే ముఖ్యం, ఏ కారణం వల్ల రోజు పోయినా చికా బస తీసేయం అని మీ ప్లాన్‌లో రాతపూర్వకంగా పెట్టండి. బ్యాచ్ బయల్దేరే ముందు సిలిండర్, మీటర్, మందుల పెట్టె అందరి ముందూ తెరిచి చూపించండి. అక్టోబర్ దాకా ఆ దారిలో బ్యాచ్‌లు వెళ్తూనే ఉంటాయి. ఈ వారం వెళ్లేవాళ్ల కార్డుల్లో ఏం రాస్తున్నారో అని నాకు నిజంగా భయంగా ఉంది.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, హైదరాబాద్ గానీ మనాలి గానీ రానక్కర్లేదు.

ఇంకొకటి. ఆ కంచరగాడిదల పెద్దాయనకి ఆ రెండు రోజుల కూలి కోసేశారని మనాలిలో విన్నాం, సామాను క్యాంపులో వదిలేసి వచ్చాడని. అది నిజమైతే ముందు ఆయనకివ్వండి, తర్వాతే మాకు. ఏరు దాటాక ఆయన తన ఉన్ని దుప్పటి తీసి మావారికి చుట్టాడు. ఆ కంగారులో అది మాతోనే వచ్చేసింది. ఉతికి, ఆరేసి, మడతపెట్టి ఉంచాం. ఆయన అడ్రస్ పంపితే పార్సిల్ చేస్తాం.

ఇట్లు,
మీ పన్నెండు మంది బ్యాచ్‌లో ఒకరు,
విజయనగరం
(బుకింగ్ వివరాలు, బిల్లులు, ఫోటోలు జతపరిచాను)