అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: పింఛనుతో పాటు పని నేర్పే మనిషినీ ఇవ్వండి

అయ్యా,

నెలకు 6,000 రూపాయల దివ్యాంగ పింఛను తిండికీ మందులకే సరిపోతోంది. స్నానం, బట్టలు, వంట సొంతంగా చేసుకోవడం నేర్పేందుకు విడిగా నిధి కేటాయించండి. పునరావాస సేవలు అందించాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 27వ సెక్షను చెబుతూనే ఉంది.

మేధో వైకల్యం ఉన్న బిడ్డకు చొక్కా వేసుకోవడం చివరి నుంచి నేర్పాలి. గుండీలన్నీ మనం పెట్టి, ఆఖరిది కాజాలో సగం దూర్చి వదలాలి. మిగతా సగం బిడ్డ లాగుతాడు. పని తన చేత్తో ముగిసింది గనక మళ్లీ పూనుకుంటాడు. అది కుదిరాక ఆఖరి రెండు గుండీలు. బడికి టైమవుతోందని అమ్మే అన్నీ పెట్టేస్తే నేర్చిందీ పోతుంది.

ఇంకో చిక్కుంది. శిక్షణ సెంటర్లో కుళాయి కింద స్నానం నేర్చిన అమ్మాయి, ఇంట్లో డ్రమ్ము, చెంబు చూసి ఆగిపోతుంది. నీళ్లు ముంచి పోసుకోవడం ఆమెకు కొత్త పని! అందుకే శిక్షకులు ఇంటికే రావాలి, ఆ ఇంట్లో స్నానం చేసే చోటే నేర్పాలి. రాయదుర్గం, కళ్యాణదుర్గం పల్లెలకు తిరగాలంటే జీతంతో పాటు ప్రయాణ ఖర్చూ ఇవ్వాలి. చెంచా పిడికి తొడిగే రబ్బరు గొట్టం, గోడకు బిగించే కడ్డీ లాంటి చిన్న సామాన్లకు శిక్షకుల చేతిలోనే కొంత డబ్బు ఉంచండి.