పాలకు ధర కట్టేటప్పుడు శుభ్రతనూ చూడాలి

సంపాదకులకు,

ఒడిశాలోని మా పర్లాకిమిడిలోనూ, సరిహద్దుకు అవతల ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం వైపునా పాల సేకరణ కేంద్రాల్లో పాడి రైతుల పాలకు వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలు) చూసి ధర కడుతున్నారు. వాటిలో సూక్ష్మజీవులు ఏ మేరకు ఉన్నాయో, పశువు పొదుగు ఎలా ఉందో మాత్రం పట్టించుకోవడం లేదు. మా ప్రాంతంలో ఛెనాతో (విరిగిన పాల ముద్దతో) ఆగిపోకుండా చీజ్ కూడా తయారు కావాలని కోరుకునే నావంటి వారికి ఇది పెద్ద అడ్డంకి.

ఛెనాకు పాలను మరిగించి పులుపు వేసి విరగ్గొడతాం, అది త్వరలోనే మిఠాయిగా ఖర్చయిపోతుంది. చీజ్‌కు అలా కాదు. పాలను 63 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట ఉంచి (దీన్నే పాశ్చరీకరణ అంటారు), చల్లార్చి, లాక్టోకోకస్ వంటి మేలుచేసే బాక్టీరియాను తోడు వేసి, రెన్నెట్ అనే ఎంజైమ్‌తో గడ్డ కట్టించి, రకాన్ని బట్టి నెలల తరబడి మాగబెట్టాలి. అన్నాళ్లలో పాలలోని చిన్న లోపం కూడా పెద్దదవుతుంది.

పొదుగువాపు సోకిన పశువు పాలలో గడ్డ కట్టే మాంసకృత్తు అయిన కేసీన్ తగ్గడమే కాక, ప్లాస్మిన్ అనే ఎంజైమ్ పెరిగి ఉన్న కేసీన్‌నూ ముక్కలు చేస్తుంది కనుక గడ్డ బలహీనపడి, చీజ్‌గా మారవలసిన మాంసకృత్తు, గడ్డ నుంచి వేరుపడే తేటనీటిలో కొట్టుకుపోతుంది. ఆ జబ్బుకు వాడిన పెన్సిలిన్ అవశేషం కొద్దిగా మిగిలినా తోడు పనిచేయదు. పులుపు పెరగక పేడ, మురికి ద్వారా పాలలో చేరే కోలిఫారం బాక్టీరియాకు అదను దొరికి, ఒకటి రెండు రోజుల్లోనే చీజ్ బుడగలతో ఉబ్బిపోతుంది. పాలను చల్లబరిచి నిల్వ చేసినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. చల్లదనంలోనూ పెరిగే సూడోమోనాస్ బాక్టీరియా పాశ్చరీకరణలో చచ్చినా, అప్పటికే అది విడుదల చేసిన ఎంజైములు వేడికి తట్టుకుని నిలిచి, తర్వాత చేదును, ముక్కిన వాసనను తెస్తాయి. ఇక వేసవిలో పాలు విరగకుండా సోడా కలపడం నిషిద్ధమైన పని. అది పులుపును దాస్తుందే తప్ప క్రిములను చంపదు, పైగా రెన్నెట్ పనిని మందగింపజేస్తుంది.

దీనికి ఖరీదైన ప్రయోగశాలలు అక్కరలేదు. పాలలో మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు కలిపి చూసే పరీక్ష ఉంది; క్రిములు ఎక్కువైతే రంగు త్వరగా పోతుంది. అది ఐదు గంటలు నిలిస్తే పాలు చాలా మంచివని, అరగంటలోపే పోతే నాసిరకమని తెలిసిపోతుంది. కేంద్రాలు వారానికి ఒకసారైనా ఈ పరీక్ష చేసి, శుభ్రమైన పాలకు లీటరుకు కొంత అదనంగా చెల్లించాలి. పొదుగువాపును పసిగట్టడానికి తొలి ధారలను విడిగా గిన్నెలోకి పిండి, తరకలు ఉన్నాయేమో చూడడం ప్రతి ఇంటా అలవాటు కావాలి.

మందు వాడిన పశువు పాలను, వాడకూడదని మందు సీసాపై రాసిన రోజులు గడిచేదాకా కేంద్రానికి పోయవద్దని రైతుకు చెప్పడం సులువే. ఆ రోజుల నష్టాన్ని కేంద్రం కొంతైనా భరించకపోతే, నిజం చెప్పిన రైతుకే శిక్ష పడుతుంది. రెండు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలూ ముందుగా ఈ చెల్లింపు విషయం తేల్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా