ముందు ఆడనివ్వండి, టీవీలో తర్వాత చూపిద్దురుగాని

కోనసీమ జిల్లా క్రీడాభివృద్ధి అధికారి గారికి,
అమలాపురం.

అయ్యా, నమస్కారం.

సంక్రాంతికి పెయింట్‌బాల్, అంటే తుపాకులతో ఒకరిమీద ఒకరు రంగు గుళ్ళు పేల్చుకునే ఆట, పోటీలు పెట్టి టీవీలో లైవ్ ఇప్పిస్తే ఆట దానంతటదే పెరుగుతుందని మా కుర్రాళ్ళు మీకు అర్జీ ఇచ్చారు. దానిమీద నా సంతకమూ ఉంది. అయినా ఒక మాట విడిగా చెప్పాలి.

వాళ్ళు చూపించేది 2014లో మొదలైన ప్రో కబడ్డీని. నిజమే, టీవీ ఆ ఆటకి కొత్త మెరుపు తెచ్చింది. కానీ కూతకెళ్ళడమంటే ఏమిటో మన బామ్మగార్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. పెయింట్‌బాల్ అలా కాదండి. 1981లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ అడవిలో 12 మంది, చెట్లకీ పశువులకీ గుర్తులు వేసే రంగు తుపాకులతో మొదలెట్టిన ఆట. దాక్కోవడమే అందులో సగం. సెకనుకి 90 మీటర్ల వేగంతో పోయే గోలీకాయంత గుండు కెమెరాకి ఏం ఆనుతుంది? ఎవరు ఎవర్ని కొట్టారో తెలియకపోతే చూసేవాడు ఛానల్ మార్చేస్తాడు. అందుకే పోటీలవాళ్ళు అడవి వదిలి, గాలి నింపిన అడ్డుగోడలతో మైదానంలోకి వచ్చారు. మన కొబ్బరితోటలో ఆడేవాళ్ళకి సరదాయే, ఆయ్, కెమెరాకి మాత్రం చెట్ల మొదళ్ళే కనపడతాయి.

అందుచేత ఈ ఏడాది లైవ్ ఖర్చుతో మాస్కులు కొనండి. మాస్కు లేకుండా కంటికి తగిలితే చూపే పోవచ్చు. ఒక మైదానం చుట్టూ వల కట్టించి, కాలేజీ పిల్లలకి, ఆడపిల్లలకి కూడా, ఆదివారాలు ఆడే వీలు కల్పించండి. తలకి కట్టుకున్న చిన్న కెమెరాలతో తీసిన ముక్కలు చాలు, మన కేబుల్ వాళ్ళని వేయమని నేను అడుగుతాను.

అనుమతి కాగితంలో మాస్కు నిబంధన మాత్రం తప్పనిసరిగా రాయించండి.

ఇట్లు,
ముమ్మిడివరం దగ్గర పిల్లలకి కబడ్డీ నేర్పే ఒకడు