పట్టాలు పోయిన దారిలో

నాషువా, న్యూ హాంప్‌షైర్
అక్టోబర్ రెండో వారం

నాన్నా,

నువ్వూ అమ్మా కులాసా అని తలుస్తాను. ఫోన్లో రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం గానీ, ఇది మాత్రం నీకు తీరిగ్గా రాయాలనిపించింది. నిన్న మీ అల్లుడు గారూ నేనూ సెలవు పెట్టి వైట్ మౌంటెన్స్‌కి వెళ్ళాం. కారులో గంటన్నర. శని, ఆదివారాలైతే ఆకుల రంగులు చూడ్డానికి వచ్చేవాళ్ళతో కాంకమాగస్ హైవే తిరనాళ్ళలా ఉంటుంది. అందుకే పనిరోజు చూసుకున్నాం.

మేం నడిచిన దారి పేరు లింకన్ వుడ్స్ ట్రెయిల్. అది ఒకప్పుడు రైలు కట్ట నాన్నా! జేమ్స్ ఎవరెల్ హెన్రీ అనే కలప వ్యాపారి 1890లలో వేయించాడు. అడవి కొట్టి దుంగలు బయటికి లాగడానికే ఆ లైను. 1948లో రైళ్ళు ఆగిపోయాయి. పట్టాలు పీకేశారు, వాటి కింద అడ్డంగా పరిచిన చెక్క స్లీపర్లు మాత్రం చాలాచోట్ల అలాగే వదిలేశారు.

నువ్వయితే నాలుగడుగులు వేయగానే కనిపెట్టేసేవాడివి. గ్రేడు, అదే కట్ట వాలు, అంత సమంగా ఉంది, ఎక్కుతున్నట్టే తెలియదు. ప్రతి స్లీపరు మీదా కాలు వేస్తే అడుగు చిన్నదైపోతుంది, ఒకటి వదిలి ఒకటి వేస్తే సాగదీయాలి. చిన్నప్పుడు చెలమ స్టేషను దగ్గర పట్టాల వెంట నీ వెనకాల నడిచినప్పుడు పడ్డ తిప్పలే మళ్ళీ పడ్డాను.

ఒక స్లీపరు దగ్గర కూర్చుండిపోయాను. సగం మట్టిలో దిగిపోయింది. పైనంతా పచ్చటి నాచు. అంచున ఒక డాగ్ స్పైకు, పట్టాని స్లీపరుకి బిగించే మేకు, తల బయటికి ఉంది, తుప్పు పొరలు పొరలుగా లేస్తోంది. నా మణికట్టంత లావు బర్చ్ చెట్టు వేరు ఆ స్లీపరు మీదుగా పాకి, అవతల భూమిలోకి దిగింది. ఆ మేకు నీకు తేవాలని మనసు పీకింది. కానీ ఇక్కడ ఇలాంటి పాత సామాను కదపడం నేరం, ఉన్నచోటే ఉంచాం. ఫోటో తమ్ముడికి పంపాను, పెద్దది చేసి చూడు.

ఫ్రాంకోనియా వాగు వంతెన దాటితే పెమిజివాసెట్ వైల్డర్‌నెస్. అంటే అడవిని అడవిలాగే వదిలేసే చోటు. 1984లో 45,000 ఎకరాలు ఇలా ప్రత్యేకంగా కేటాయించారు. లోపల మోటారన్నది ఉండకూడదు, సైకిలు కూడా తొక్కకూడదు. దారికి అడ్డంగా చెట్టు పడితే సిబ్బంది కూడా చేతిరంపంతోనే కోయాలి. అక్కణ్ణించి మాకు మనిషన్నవాడు ఎదురవలేదు. ఎండుటాకుల మీద మా అడుగుల చప్పుడు, పక్కన ఏరు, అంతే. ఇంట్లో ఎప్పుడూ ఆఫీసు కాల్స్ మధ్యే మాట్లాడుకునే మేం, ఒక బండ మీద కూర్చుని పులిహోర తింటూ పూర్తి గంట గడిపాం.

అమ్మ అడుగుతుంది కాబట్టి రంగుల సంగతీ చెప్తాను. మేపుల్ ఎరుపు, బర్చ్ పసుపు, బీచ్ చెట్లు రాగిరంగు. ఆకుల్లో పచ్చదనం విరిగిపోతే అడుగున ఎప్పటినుంచో ఉన్న పసుపు బయటపడుతుందట. ఎరుపు మాత్రం అప్పటికప్పుడు తయారవుతుంది. పగలు మంచి ఎండ, రాత్రి చలి ఉంటే ఇంకా ముదురుతుంది.

ఈ కొండలు వందేళ్ళ కిందట దాదాపు బోడిగా ఉండేవంటే నమ్మబుద్ధి కాలేదు. నరికి వదిలేసిన కొమ్మారెమ్మా ఎండి అంటుకుని, ఏళ్ళ తరబడి పెద్ద మంటలు. దిగువన నదులు పాడయ్యాయి. జనం గోల పెడితే 1911లో వీక్స్ చట్టం వచ్చింది. దాంతో ప్రభుత్వం ఈ భూములు కొనడం మొదలుపెట్టింది, 1918లో ఇది నేషనల్ ఫారెస్ట్ అయింది. రైలంటే ఊళ్ళని కలిపేదని నీ దగ్గరే నేర్చుకున్నాను నాన్నా. అడవిని ఖాళీ చేయడానికే వేసిన లైను మీద నడుస్తుంటే బాధేసింది. ఆ కట్ట మీదే ఇన్ని చెట్లు లేచి నిలబడ్డాయి చూడు, అది ఇంకా గొప్పగా అనిపించింది.

గిద్దలూరు, నంద్యాల మధ్య బ్రాడ్‌గేజ్ పడ్డాక వదిలేసిన పాత మీటర్‌గేజ్ కట్ట ఇప్పుడెలా ఉంది? దొరబావి వంతెన వైపు నువ్వు ఈ మధ్య వెళ్ళావా? అక్కడ ఏ చెట్లు వచ్చాయో రాయి.

వచ్చే శరదృతువుకి మీరిద్దరూ ఇక్కడ ఉండాలి. దారి చదునుగా ఉంటుంది, అమ్మ మోకాళ్ళకి భయం లేదు, ఎంత నడవగలిగితే అంతే నడుద్దాం. వీసా ఇంటర్వ్యూ తేదీ దొరకడానికి చాలా రోజులు పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టాలి. మీ పాస్‌పోర్టుల గడువు ఎప్పటిదాకా ఉందో తమ్ముణ్ణి చూసి ఈ వారంలోనే పంపమను.

నీ
అమ్మాయి