అదనపు మరణాలను తీసివేతతో తేల్చలేం

సంపాదకులకు,

కోవిడ్ కాలంలో విశాఖలో మామూలు కంటే ఎందరు అదనంగా చనిపోయారన్న చర్చ వచ్చినప్పుడల్లా 2021లో నమోదైన మరణాల్లోంచి 2019 నాటివి తీసేసి, మిగిలినదంతా మహమ్మారి ఖాతాలో రాసేస్తున్నారు. ఇంకొందరు ఆ తేడా మొత్తాన్నీ కొట్టిపారేస్తున్నారు. రెండూ సరికావు.

దేశంలో నమోదైన మరణాలు 2019లో 76.4 లక్షలు, 2020లో 81.2 లక్షలు, 2021లో 102.2 లక్షలు. ఈ పెరుగుదలలో కొంత, నమోదు మెరుగుపడటం వల్ల వచ్చిందే. ఏటా నిజంగా 1,000 మంది చనిపోయే చోట నిరుడు 800, ఈ ఏడాది 900 నమోదైతే, ఒక్క ప్రాణం అదనంగా పోకపోయినా 12.5 శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. కోవిడ్ మృతుల కుటుంబాలకు రూ. 50,000 ఎక్స్‌గ్రేషియా ప్రకటించాక, డెత్ సర్టిఫికెట్ జోలికే వెళ్లని ఇళ్లవాళ్లకు కూడా దాని అవసరం పడింది.

విశాఖకు మరో పెద్ద చిక్కుంది. మన చట్టం ప్రకారం మరణం జరిగిన చోటే నమోదవుతుంది, మనిషి ఏ ఊరివాడైనా సరే. శ్రీకాకుళం, విజయనగరం, ఆ పైన ఒడిశాలోని కోరాపుట్ నుంచి ఇక్కడి ప్రభుత్వాసుపత్రులైన కేజీహెచ్‌కో విమ్స్‌కో వచ్చి కన్నుమూసినవారు నగరం లెక్కలో చేరతారు. ఆ మొత్తాన్ని నగర జనాభాతో భాగిస్తే మరణాల రేటు అబద్ధం చెబుతుంది. లాక్‌డౌన్‌లో దీనికి తలకిందులుగా జరుగుతుంది: బస్సుల్లేక రోగి ఊళ్లోనే పోతే నగరం లెక్క తగ్గుతుంది, ఏజెన్సీ గ్రామంలో ఆ మరణం అసలు నమోదే కాకపోవచ్చు. మరణ నివేదిక ఫారంలో మృతుడి నివాసం రాసే గడి ఉంది. దాన్నిబట్టి విడదీస్తేనే ఈ ముడి వీడుతుంది. పైగా 2022 ఏప్రిల్‌లో పాత జిల్లా మూడు ముక్కలైంది కాబట్టి, ముందువెనుకల లెక్కలను మండలాలవారీగా పేర్చకుండా పోల్చకూడదు. జనాభాకు ఆధారమేమో అప్పటికే పదేళ్ల నాటి 2011 సెన్సస్.

నమోదు తేదీ వేరు, చనిపోయిన తేదీ వేరు. 21 రోజుల గడువు దాటినా ఆలస్య రుసుముతో నమోదు చేయించుకోవచ్చు. 2020 ఏప్రిల్‌లో ఆఫీసులు స్తంభించాయి. నమోదు తేదీనిబట్టి గీసిన గ్రాఫులో ఆ నెల పల్లంగా, తర్వాతి నెలలు మిట్టగా కనిపిస్తే అది ఆఫీసు పని తీరు, జబ్బు తీరు కాదు.

మహమ్మారి లేకుంటే ఎందరు చనిపోయేవారన్న సాధారణ స్థాయి కట్టడానికి ఒక్క 2019 చాలదు. 2015 నుంచి 2019 దాకా నెలవారీ, వయసువారీ మరణాలు తీసుకుని ఏటా వచ్చే మార్పునూ కలపాలి. అక్కడా జాగ్రత్త అవసరం: 2015 మేలో వడగాడ్పులకు మన రాష్ట్రంలో వందలాది మంది చనిపోయారు. ఆ నెలను అలాగే ఉంచితే మే నెల అంచనా గాడి తప్పి, 2021 మేలో అదనం కూడా తప్పుగా రావచ్చు. తీసేస్తే తీసేశామని రాయాలి. లాక్‌డౌన్‌లో రోడ్డు ప్రమాదాలు తగ్గాయి కాబట్టి వచ్చిన అదనం పెరిగినవీ తగ్గినవీ కలిసిన నికర సంఖ్యే, కోవిడ్ మరణాల సంఖ్య కాదు. వార్డులవారీ లెక్కలైతే మరీ ప్రమాదం. నెలకు సగటున 20 మరణాలుండే వార్డులో ఏ మహమ్మారీ లేకున్నా 11 నుంచి 29 దాకా ఊగడం మామూలే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో దేశానికి 47 లక్షల అదనపు మరణాలని అంచనా వేస్తే, కేంద్రం ఆ గణిత నమూనానే తప్పుబట్టింది. నెలవారీ లెక్కలు బయట ఉంటే నమూనాల మీద ఇంతగా ఆధారపడాల్సిన పని ఉండదు. అందుకే నగరపాలక సంస్థ జీవీఎంసీ, మూడు జిల్లాల యంత్రాంగాలు 2015 నుంచి 2022 వరకు ఒక పట్టిక ప్రకటించాలని కోరుతున్నాం: మరణించిన నెల, వయసు వర్గం, స్త్రీ పురుష భేదం, నివాస మండలం, నమోదుకు పట్టిన రోజులు. పేర్లు అక్కర్లేదు. పట్టికలో మరణాలు 5 కంటే తక్కువున్న గడులను పక్క గడులతో కలిపేస్తే ఎవరి వివరమూ బయటపడదు.

– గణాంకశాస్త్ర అధ్యాపకులు, విశాఖపట్నం